ఆసుపత్రిలో దుబాసీ

(టెక్సస్ రాష్ట్రం ఫ్రిస్కోలో ఒక ఆదివారం మధ్యాహ్నం, పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రుల కోసం తెలుగువాళ్ళు పెట్టుకున్న ఆరోగ్య సమావేశంలో ఒక మెడికల్ ఇంటర్‌ప్రెటర్ చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు అక్కర్లేదనుకుంటా. నా గొంతు సంగతి మా ఇంట్లోవాళ్ళకి బాగా తెలుసు. (నవ్వులు)

ఒక సంగతితో మొదలుపెడతాను. పేర్లు చెప్పను, వివరాలు కొంచెం మార్చాను. ఎమర్జెన్సీకి ఒక పెద్దాయన వచ్చారు. డెబ్భై దాటాయి. పక్కన కొడుకు. కొడుకు ఇక్కడ ఇరవై ఏళ్ళుగా ఉన్నాడు, ఇంగ్లీషు ఇక్కడివాళ్ళలాగే మాట్లాడతాడు. నర్సు ఏమైందని అడిగింది. పెద్దాయన ఛాతీ మీద అరచెయ్యి ఆనించి, "రాత్రి నుంచీ ఇక్కడ గ్యాస్ పట్టేసిందిరా" అన్నారు. కొడుకు నర్సు వైపు తిరిగి "హి హాజ్ గ్యాస్" అన్నాడు.

తప్పేముంది? ఆయన గ్యాస్ అన్నారు, ఇతనూ గ్యాస్ అన్నాడు. అయితే ఈ దేశంలో గ్యాస్ అంటే రెండే. ఒకటి కారులో పోసేది, రెండోది నలుగురిలో వదలకూడనిది. (నవ్వులు) నర్సు కంప్యూటరు వైపు తిరిగి టైపు చేస్తోంది, ఆయన చెయ్యి ఎక్కడ పెట్టుకున్నారో చూడలేదు. కూర్చోమన్నారు, కూర్చున్నారు. చాలాసేపటికి ఇంకో నర్సు వచ్చి ఆయన ముఖం చూసి, ఎందుకో అనుమానం వచ్చి, ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్ని అడిగింది. అలా నేను లైన్లోకి వచ్చాను. ఆయన మళ్ళీ గ్యాస్ అనే అన్నారు. నేను ఆ మాట చెప్పి, "ఇది ఇంటర్‌ప్రెటర్ మాట. తెలుగువాళ్ళు ఛాతీలో పట్టేసినట్టున్నా గ్యాస్ అంటారు. ఎలా ఉందో వివరంగా అడగండి" అని నర్సుకి చెప్పాను. ఆవిడ అడిగింది. ఆయన చెప్పారు: "రాయి పెట్టినట్టుందమ్మా. ఎడం చెయ్యి గుంజుతోంది. ఒకటే చెమటలు." అంతే, నర్సు కేకలు, చక్రాల మంచం చప్పుడు, లైను కట్ అయిపోయింది. తర్వాత ఏమైందో మాకు సాధారణంగా తెలియదు, అడిగే హక్కు కూడా మాకు లేదు. ఆయన విషయంలో మాత్రం, నాలుగు రోజుల తర్వాత అదే గొంతుకి డిశ్చార్జి జాగ్రత్తలు చెప్పే కాల్ నాకే వచ్చింది. అప్పటికి ఆయన గ్యాస్ అనడం మానేశారు.

ఆ అబ్బాయిని నేను తప్పు పట్టను. వాళ్ళ నాన్నని ఆ స్థితిలో చూసి ఎవరైనా కంగారు పడతారు. కంగారులో ఉన్న మనిషికి రెండు భాషల మధ్య నిలబడే పని అప్పగించడమే తప్పు. నేను ఇవాళ చెప్పదల్చుకున్నది ఇదొక్కటే. మీ అమ్మగారు ఆసుపత్రిలో ఉంటే మీరు కొడుకుగా, కూతురిగా కూర్చోండి. మాట చేరవేసే పనికి వేరే మనిషి ఉన్నాడు, ఆ మనిషిని ఇమ్మని అడగండి.

మన పాత భాషలో ఈ మనిషిని దుబాసీ అనేవాళ్ళు, ద్విభాషి. మద్రాసులో కంపెనీ దొరలకి దుబాసీలుగా పనిచేసి మేడలు కట్టినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. నేను ఇంకా అపార్టుమెంటులోనే ఉన్నాను. (నవ్వులు)

ఇప్పుడు మాటల సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువ సేపు ఆగుతాను, నాకు ఇష్టమైన చోటు కూడా ఇదే.

నొప్పికి మన దగ్గర ఎన్ని మాటలున్నాయో చూడండి. తల సలుపుతుంది. పన్ను పీకుతుంది. కాలు గుంజుతుంది. నడుం పట్టేస్తుంది. డొక్కలో పొడుస్తుంది. కడుపులో మెలిపెడుతుంది. అరికాళ్ళు మండుతాయి, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, మోకాలు కలుక్కుమంటుంది. పిల్లలు వీటన్నిటినీ 'పెయిన్' అన్న ఒక్క సంచిలో వేసి డాక్టరు చేతిలో పెడతారు. షుగర్ ఉన్న మనిషికి అరికాళ్ళు మండటం వేరు, పిక్కలు గుంజటం వేరు. మొదటిది వింటే డాక్టరు నరాల గురించి ఆలోచిస్తాడు, రెండోది వింటే ఎంత దూరం నడిస్తే వస్తోందని అడుగుతాడు. మాట మారితే పరీక్ష మారుతుంది.

ఆ తర్వాత నర్సు నొప్పికి మార్కులు వెయ్యమంటుంది, సున్నా నుంచి పది దాకా. మా పెద్దవాళ్ళు ఎవరూ ఇంతవరకు సూటిగా అంకె చెప్పలేదు. "ఏం చెప్పమంటావమ్మా, ఉంది." "మొన్నటి మీద నయం." ఒక మామ్మగారయితే "పదికి ఎంతయితే బాగుంటుందో నువ్వే వేసెయ్" అన్నారు. నేను అదే ఇంగ్లీషులో చెప్పాను. నర్సు నవ్వింది, కానీ అంకె వచ్చేదాకా వదల్లేదు.

మనం ఇంగ్లీషే అనుకునే మాటలు ఇంకా ప్రమాదం. "నాకు బీపీ ఉంది" అంటాం. ఇక్కడి నర్సుకి అది "నాకు ఎత్తు ఉంది" అన్నట్టు వినపడుతుంది. బీపీ అందరికీ ఉంటుంది, ఎక్కువో తక్కువో చెప్పాలి. "మోషన్స్ అవుతున్నాయి" అంటే వాళ్ళకి ఏదో కదులుతోందని అర్థం. "ఫిట్స్" అన్నా సరిగ్గా అందదు. "స్ట్రోక్" అయితే మరీను. మన ఊళ్ళలో గుండెపోటుని కూడా స్ట్రోక్ అంటారు. "మా నాన్నగారు స్ట్రోక్ వచ్చి పోయారండీ" అంటే ఇక్కడి డాక్టరు మెదడులో రక్తనాళం అని రాసుకుంటాడు. నాన్నగారికి నిజానికి పోయింది గుండె. మనవాడి ఫైల్లో వంశపు చరిత్ర ఒక అవయవం నుంచి ఇంకో అవయవానికి మారిపోతుంది. అలాంటప్పుడు నేను ఆగి, "పక్షవాతమా, గుండెపోటా అని ఇంటర్‌ప్రెటర్ అడిగి తెలుసుకోవచ్చా" అని డాక్టరుని అడిగి, అప్పుడు పేషెంటుని అడుగుతాను.

ఇటు నుంచి అటే కాదు, అటు నుంచి ఇటు వచ్చేటప్పుడూ జారిపోతుంది. "రిజల్ట్ పాజిటివ్" అంటే ఒకావిడ చేతులెత్తి దణ్ణం పెట్టింది, మంచి కబురనుకుని. ఇంకోసారి డాక్టరు అందరినీ అడిగే ప్రశ్నే అడిగారు, మద్యం అలవాటుందా అని. అప్పట్లో నేను కొత్త. "మందు తీసుకుంటారా?" అన్నాను. ఆవిడ "రోజూ రాత్రి ఓ మూతెడు తాగుతానమ్మా, లేకపోతే నిద్ర పట్టదు" అంది. దగ్గు మందు సంగతి! (నవ్వులు) నవ్వకండి, ఆ తప్పు నాది. సరిచేసే లోపల డాక్టరుగారు రాసేసుకున్నారు కూడా. అప్పటి నుంచి నేను 'సారా, బ్రాందీ, బీరు' అని పేరు పెట్టే అడుగుతున్నాను, తిట్లు తిన్నా సరే.

మాది తెనాలి వైపు. మాత్రని బిళ్ళ అంటాం. కరీంనగర్ నుంచి వచ్చిన పెద్దమ్మ గోళీ అంటుంది, జ్వరాన్ని జరం అంటుంది, "పానం మంచిగ లేదు" అంటుంది. పానం అంటే ప్రాణం. దాన్ని మాటకి మాట పెడితే డాక్టరు అదిరిపోతాడు. ఒంట్లో బాగా లేదన్న మాట అది. నాకు మొదటి ఏడాది తెలంగాణ తెలుగు నేర్పింది పేషెంట్లే. ఇప్పటికీ శ్రీకాకుళం వాళ్ళ మాట ఒకోటి నాకు కొత్తగా తగులుతుంటుంది. తెలియనప్పుడు అడుగుతాను, సిగ్గుపడను. సిగ్గుపడి ఊహించి చెప్పేవాళ్ళు ఈ పనికి పనికిరారు.

ఇంకొకటి, "ఊఁ". డాక్టరు ఆపరేషన్ గురించి పది నిమిషాలు చెప్తాడు. మన పెద్దాయన మధ్యమధ్యలో ఊఁ, ఊఁ అంటూ తల అటూ ఇటూ ఆడిస్తాడు. మనకి తెలుసు, అది 'వింటున్నాను, చెప్పు' అని. కథ చెప్పేవాడికి ఊఁ కొట్టినట్టు. డాక్టరుకి మాత్రం ఊఁ వింటే అవుననీ, తల ఊపు చూస్తే కాదనీ అనిపిస్తుంది. ఆఖర్న కాగితం ముందు పెట్టి సంతకం చెయ్యమంటే, "ఏ కాగితం ఇది? ఆపరేషనా? ఎవరికి?" అంటాడు. పది నిమిషాలూ వృథా. అందుకని పనితనం ఉన్న డాక్టర్లు "నేను చెప్పింది మీ మాటల్లో చెప్పండి" అని అడుగుతారు. అలా అడిగే డాక్టరు దొరికితే వదలకండి.

ఒక్క మాట తేడాతో ఏమవుతుందో చెప్పడానికి మా శిక్షణల్లో అందరికీ చెప్పే కేసు ఒకటుంది. 1980, దక్షిణ ఫ్లోరిడా. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు స్పృహ తప్పిన స్థితిలో ఆసుపత్రికి వచ్చాడు. ఇంట్లోవాళ్ళు క్యూబా స్పానిష్‌లో "ఇంటాక్సికాడో" అన్నారు. వాళ్ళ వాడుకలో అది తిన్నదో తాగినదో పడకపోవటం. డాక్టర్లు దాన్ని ఇంగ్లీషు మాటలా విని, మత్తుమందు ఎక్కువైందని ఆ వైద్యం చేశారు. నిజానికి కుర్రాడికి మెదడులో రక్తం కారుతోంది. తెలిసేటప్పటికి రెండు రోజులు దాటింది. కాళ్ళూ చేతులూ పడిపోయాయి. జీవితకాలం మీద లెక్కేసిన పరిహారం సుమారు 7 కోట్ల 10 లక్షల డాలర్లు. గదిలో అందరూ తమకి అర్థమైందనే అనుకున్నారు, అందుకే ఇంటర్‌ప్రెటర్ని ఎవరూ పిలవలేదు.

పిల్లల డాక్టర్ల పత్రిక 'పీడియాట్రిక్స్'లో 2003లో ఒక అధ్యయనం వచ్చింది. స్పానిష్ మాట్లాడే తల్లులు పిల్లల్ని తీసుకొచ్చిన 13 సందర్భాల్ని రికార్డు చేసి, మాటకి మాట రాసి చూశారు. ఒక్కో సందర్భంలో సగటున 31 పొరపాట్లు. వాటిలో 63 శాతం రోగి మీద ప్రభావం చూపగలిగేవే. ఇంటర్‌ప్రెటర్లు చేసినవి కూడా అందులో ఉన్నాయి, మేమేం దేవుళ్ళం కాదు. కాకపోతే శిక్షణ లేకుండా అప్పటికప్పుడు నిలబెట్టినవాళ్ళ తప్పుల్లో ప్రమాదకరమైనవి ఎక్కువ. అదే పరిశోధకుల బృందం 2012లో ఇంకోటి తేల్చింది. వంద గంటలో అంతకు మించో శిక్షణ తీసుకున్నవాళ్ళ తప్పుల్లో ప్రమాదం తేగలిగేవి 2 శాతమే, అంతకన్నా తక్కువ తీసుకున్నవాళ్ళలో 12 శాతం.

ఇప్పుడు కొడుకులూ కూతుళ్ళ దగ్గరికి వస్తాను. మీరు తప్పులు చేస్తారనే కాదు. మీ ముందు వాళ్ళు అన్నీ చెప్పరు. కోడలు పక్కన కూర్చుంటే అత్తగారు తెల్లబట్ట అవుతోందని చెప్తారా? కొడుకు పక్కనుంటే తండ్రి మూత్రం ఆగట్లేదని చెప్తాడా? రెండు మూడు నెలలుగా దిగులుగా ఉంది, ఇక్కడ ఇంట్లో ఒక్కదాన్నే ఉంటే గోడలు మీద పడుతున్నట్టుంది అని, తీసుకొచ్చి పెట్టుకున్న పిల్లల ముందే ఒక అమ్మ ఎలా చెప్తుంది? నాకు చెప్తారు. నేను ఎవరో తెలియదు కాబట్టే చెప్తారు.

అసలు మొదట్లో నన్నే ప్రశ్నలడుగుతారు లెండి. పని మొదలుపెట్టే ముందు మేము ఒక మాట చెప్పాలి: "మీరు చెప్పిందంతా డాక్టరుగారికి, ఆయన చెప్పిందంతా మీకు చెప్తాను, ఏదీ కలపను, ఏదీ తియ్యను, ఇక్కడి మాట బయటికి పోదు" అని. అది పూర్తవకముందే అటు నుంచి, "ఏ ఊరమ్మా మీది? ఎవరి అమ్మాయివి?" డాక్టరుకి చెప్పకుండా నేను జవాబివ్వకూడదు. "పేషెంటు ఇంటర్‌ప్రెటర్ ఊరు అడుగుతున్నారు" అని ఇంగ్లీషులో చెప్పి, "తెనాలి దగ్గరండీ" అని తెలుగులో చెప్పి, దాన్ని మళ్ళీ ఇంగ్లీషులో చెప్తాను. పాపం ఆ డాక్టరుకి తెనాలితో ఏం పని? కానీ ఆ ఊరి పేరు పడ్డాక పెద్దావిడ గొంతు మారుతుంది, అసలు సంగతి బయటికి వస్తుంది.

మన సంఘం చిన్నది, బయటికి పొక్కుతుందేమోనన్న భయం ఉంటుంది. న్యాయమైన భయమే. వీడియోలో ముఖం చూపించడం ఇష్టం లేకపోతే ఫోన్ ఇంటర్‌ప్రెటర్ని అడగండి. గొంతు ఇంకో రాష్ట్రం నుంచి వస్తుంది, మీరు గుడిలో ఎదురుపడరు.

అన్నిటికన్నా కష్టమైనది ఒకటి చెప్పి ముందుకెళ్తాను. నేను స్వయంగా వెళ్ళిన కేసు. గది బయట కారిడార్లో ఒకమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, లోపల క్యాన్సర్ అన్న మాట అనకండి. గడ్డ అనండి చాలు. అమ్మ తట్టుకోలేదు." నేనూ ఒక అమ్మకి కూతుర్నే, కడుపు తరుక్కుపోయింది. కానీ నేను అలా చెయ్యలేను. "మీరు అడిగిన సంగతి డాక్టరుగారికి చెప్తాను, ఆవిడే ఎలా చెయ్యాలో చూస్తారు" అన్నాను. అమ్మాయికి కోపం వచ్చింది. డాక్టరు లోపలికి వచ్చి, రిపోర్టు తియ్యకుండా, మంచం పక్కన కూర్చుని అడిగారు: "మీ పరీక్షల సంగతులు మీకే చెప్పమంటారా, మీ అమ్మాయికి చెప్పమంటారా? ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?" అది తెలుగులో చెప్పాను. ఆవిడ కాసేపు కూతురి వైపు చూసి, "నాకే చెప్పమను. పిల్లది తట్టుకోలేదు" అంది.

చెప్పారు. ఆవిడ ఏడవలేదు. "ముక్క తీసి పంపినప్పుడే అనుకున్నాను" అంది. తర్వాత రెండు ప్రశ్నలడిగింది. జుట్టు ఊడుతుందా? నవంబరు టికెట్టు ముందుకి జరుపుకోవచ్చా? రెండో ప్రశ్న కూతురు ఎప్పటికీ ఇంగ్లీషులోకి మార్చేది కాదు. తల్లి ఇంటికెళ్ళి అక్కడే వైద్యం చేయించుకోవాలనుకుంటోందని డాక్టరుకి తెలిసింది ఆ ప్రశ్న వల్లే.

(సభలో ఒకరు: ఇదంతా ఎవరు ఇస్తారండీ, డబ్బు మనమే కట్టాలా?)

మనం పైసా కట్టక్కర్లేదు. బిల్లులో ఆ పేరుతో ఏమీ రాకూడదు. ఎందుకంటే ఇది చట్టం, ఎవరి దయా కాదు. 1964 పౌర హక్కుల చట్టంలో ఆరో భాగం ఉంది. కేంద్ర ప్రభుత్వం డబ్బు తీసుకునే ఏ సంస్థా జాతి, రంగు, పుట్టిన దేశం చూసి తేడా చెయ్యకూడదు. మెడికేర్, మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాల డబ్బు తీసుకోని ఆసుపత్రి దాదాపు లేదు. భాషకీ దానికీ సంబంధమేమిటంటే, 1974లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనీస్ పిల్లల కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అర్థం కాని భాషలో పాఠం చెప్పి చదువు చెప్పామనడం కుదరదని. బడికి వర్తించింది ఆసుపత్రికీ వచ్చింది. 2010లో వచ్చిన ఒబామా ఆరోగ్య చట్టంలో 1557 అనే సెక్షను, దాని కింద 2016లో, మళ్ళీ 2024లో వచ్చిన నిబంధనలు ఇంకా వివరంగా చెప్పాయి. అర్హత ఉన్న ఇంటర్‌ప్రెటర్ని ఉచితంగా ఇవ్వాలి, నువ్వే ఎవరినైనా తెచ్చుకో అనకూడదు, ప్రాణం మీదికొచ్చిన అత్యవసరంలో తప్ప చిన్నపిల్లల చేత చెప్పించకూడదు.

మీలో కొందరికి సందేహం ఉంటుంది, 2025లో ఇంగ్లీషుని అధికార భాష చేశారు కదా, ఇవన్నీ పోలేదా అని. 2025 మార్చి 1న వచ్చిన అధ్యక్షుడి ఉత్తర్వు, 2000లో క్లింటన్ భాషా సాయం గురించి ఇచ్చిన ఒక ఉత్తర్వుని రద్దు చేసింది. నేను చెప్పిన రెండు చట్టాలూ కాంగ్రెస్ చేసినవి, ఆ ఉత్తర్వుతో అవి పోలేదు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి కూడా వర్తిస్తాయి. అలాగని కౌంటర్లో సెక్షన్ నంబర్లు చదివి దెబ్బలాడకండి. "తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి" అంటే పది చోట్ల తొమ్మిది చోట్ల ఇస్తారు, కాస్త ఆలస్యంగా. పదో చోట, పేషెంట్ల ఫిర్యాదులు చూసేవాళ్ళుంటారు, వాళ్ళని పిలవమనండి.

మనం చేసుకునే నష్టం వేరే ఉంది. అపాయింటుమెంటు తీసుకునేటప్పుడు ఫారంలో భాష అని ఒక గడి ఉంటుంది. అమ్మకి అది నింపేది మీరే. చాలామంది అక్కడ 'ఇంగ్లీష్' అని పెడతారు. ఎందుకని అడిగితే, "తెలుగు అని పెడితే తక్కువగా చూస్తారేమో" అని ఒకరు, "నేనుంటాను కదా" అని ఇంకొకరు. ఆ గడి నింపిన క్షణం నుంచి ఆసుపత్రి కంప్యూటరుకి మీ అమ్మగారు ఇంగ్లీషు వచ్చిన మనిషి. రాత్రి రెండింటికి, మీరు ఇంట్లో నిద్రపోతున్నప్పుడు, నర్సు వచ్చి ఇంగ్లీషులో ఏదో అడుగుతుంది, మీ అమ్మ ఊఁ అంటుంది. ఇవాళ ఇంటికెళ్ళాక ముందు ఆ గడి చూడండి. ఫోన్లోనే ఆసుపత్రి యాప్‌లో మార్చేయచ్చు.

మార్చాక కూడా ఒక్కోసారి హిందీ ఇంటర్‌ప్రెటర్ తెరమీదికి వస్తాడు. ఇండియా అనగానే హిందీ అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. మన పెద్దవాళ్ళు మొహమాటానికి 'థోడా థోడా' అంటారు. థోడా థోడాతో గుండె ఆపరేషన్ చెయ్యించుకోకండి. వద్దనండి, తెలుగు కావాలనండి. ఇంటి దగ్గర చిత్తూరు, నెల్లూరు వాళ్ళు వైద్యానికి వేలూరు వెళ్తే అక్కడ తమిళంలోనో అక్కడివాళ్ళ వచ్చీరాని తెలుగుతోనో నెట్టుకొచ్చేవాళ్ళు. ఆ అలవాటు మనకి పాతది, ఎక్కడికెళ్ళినా సర్దుకుపోవడం.

నిజం చెప్పాలంటే మాలోనూ లోపాలున్నాయి. 2010, 2017 మధ్య అమెరికాలో అన్నిటికన్నా వేగంగా పెరిగిన భాష తెలుగు, 86 శాతం పెరిగిందని జనాభా లెక్కల అంచనాలు చూసి చెప్పారు. ఇంటర్‌ప్రెటర్లు మాత్రం ఆ వేగంతో పెరగలేదు. స్పానిష్‌కి క్షణాల్లో మనిషి దొరుకుతాడు, తెలుగుకి ఒక్కోసారి ఇరవై నిమిషాలు. దేశమంతటికీ గుర్తింపు ఇచ్చే సంస్థల దగ్గర స్పానిష్, మాండరిన్, అరబిక్ లాంటి కొన్ని భాషలకే నోటి పరీక్ష ఉంది. తెలుగువాళ్ళం 40 గంటల శిక్షణ చూపించి, ఇంగ్లీషులో రాతపరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకుంటాం. అంటే నా తెలుగు ఎలాంటిదో ఆ సంస్థ ఎప్పుడూ వినలేదన్నమాట! ఇది నాకు మింగుడుపడదు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో రెండు భాషలూ బాగా వచ్చి, ఇంటి పట్టునుండే పని వెతుక్కుంటున్నవాళ్ళుంటే తర్వాత నాతో మాట్లాడండి. జీతం గొప్పగా ఉండదని ముందే చెప్తున్నాను.

(సభలో ఒకరు: ఫోన్లో ట్రాన్స్‌లేట్ యాప్ ఉంది కదండీ ఇప్పుడు, చాలదా?)

"మంచినీళ్ళు కావాలి", "బాత్‌రూమ్ ఎక్కడ" లాంటివాటికి చాలు, వాడుకోండి. నేను ఒకసారి "లేవగానే కళ్ళు తిరుగుతున్నాయి" అని ఒక యాప్‌లో కొట్టి చూస్తే, నా కనుగుడ్లు గుండ్రంగా తిరుగుతున్నాయని వచ్చింది. ఇప్పుడు బాగుపడి ఉండచ్చు. 2021లో కాలిఫోర్నియా డాక్టర్లు ఎమర్జెన్సీ నుంచి ఇంటికి పంపేటప్పుడు చెప్పే జాగ్రత్తల్ని గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో వేసి ఏడు భాషల్లో చూశారు. స్పానిష్‌లో 94 శాతం సరిగ్గా వచ్చింది, ఆర్మేనియన్‌లో 55. ఆ ఏడింటిలో తెలుగు లేదు. మనం ఏ చివరికి దగ్గరో మీరే ఊహించుకోండి. 2024 నిబంధనల్లో కూడా రాశారు, ముఖ్యమైన కాగితాల్ని మెషీన్ అనువదిస్తే అర్హత ఉన్న మనిషి చూసి సరిదిద్దాలని.

ఆ, చెప్పండి పెద్దమ్మగారూ. మైకు ఇవ్వండి ఆవిడకి.

(ఒక పెద్దావిడ: అంతా బాగానే చెప్పావు తల్లీ. నాకు ఇంగ్లీషు ముక్క రాదు. ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగడానికైనా ఇంగ్లీషు కావాలి గదా? పిల్లాడు ఆఫీసుకెళ్ళినప్పుడు ఏదన్నా అయితే ఎట్లా?)

ఇంతసేపట్లో అసలు ప్రశ్న ఇదండీ. (చప్పట్లు) మీరు వాక్యం చెప్పక్కర్లేదు. ఒక్క మాట చాలు, భాష పేరు. అత్యవసరానికి 911కి ఫోన్ చేసినా సరే, ఆ ఒక్క మాట చెప్పి ఫోన్ పెట్టెయ్యకుండా ఆగండి. వాళ్ళు వాళ్ళలో వాళ్ళు ఏదో మాట్లాడుకుంటారు, లైను నిశ్శబ్దంగా ఉంటుంది, కట్ అయిందని కంగారు పడకండి. కాసేపటికి నాలాంటిది ఎవరో "నమస్కారమండీ" అంటుంది. పర్సులో ఒక కాగితం పెట్టుకోండి. మీ పేరు, వాడే బిళ్ళలు, పడని మందులు, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి అన్న మాట, అన్నీ అబ్బాయి చేత ఇంగ్లీషులో రాయించుకుని.

ఒక చిన్న చిక్కుంది. మనం 'తెలుగు' అన్నట్టు అంటే వాళ్ళ చెవికి అందదు, 'థాయ్‌లాండా?' అని అడిగినవాళ్ళున్నారు. మొదటి అక్షరం వాళ్ళ పద్ధతిలో గట్టిగా, ట అన్నట్టు పలకండి. టె-లు-గు. విడివిడిగా. ఏదీ, ఒకసారి అనండి.

(పెద్దావిడ: టెలుగు.)

ఇంకొంచెం గట్టిగా. నర్సు కంప్యూటరు వైపు తిరిగి ఉంది.

(సభ అంతా: టె-లు-గు!)